మా మేనత్త దూడకి వదిలిన పాలు

మొన్న తెనాలి పశువుల ఆసుపత్రి వరండాలో, కొత్తగా వచ్చిన డాక్టరమ్మ పలకలాంటి కంప్యూటరొకటి నా ముందు పెట్టి, "అంకుల్, ఈ దున్నపిల్లని చూడండి" అంది. చూశాను. దున్నపిల్ల ఎక్కడా కనిపించలేదు. దాని తల్లి ఉంది, తల్లి ఏ ఈతలో ఎన్ని పాలిచ్చిందో ఉంది, అమ్మమ్మ ఉంది, తండ్రి ఉన్నాడు, ఆ తండ్రికి వేరే వేరే ఊళ్లలో పుట్టిన కూతుళ్లున్నారు, వాళ్ల పాలలో వెన్న ఎంతో కూడా ఉంది. చిట్టచివర ఒక మూల, ఇంతమంది చుట్టాల మధ్య పెళ్లింట్లో తప్పిపోయిన పిల్లాడిలా, చెవికి పచ్చబిళ్లతో గోరంత ఫొటోలో దున్నపిల్ల బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది. "తోక వెంట్రుకలు నాలుగు పీకి ల్యాబుకి పంపిస్తే మిగతాది కూడా వాళ్లే చెప్పేస్తారు అంకుల్. మీ రోజుల్లో ఎలా ఎంచేవాళ్లండి?" అని అడిగింది.

నా రోజుల గురించి ఎవరడిగినా నేను అబద్ధంతో మొదలుపెడతాను. అది నాకు కాఫీ లాంటి అలవాటు. వేమూరు దగ్గర ఒక గేదె ఉండేదనీ, మధ్యాహ్నం పూట అది కాలవలో దిగి పడుకుంటే పొదుగు బరువు ఆగక పాలు వాటంతటవే కారిపోయేవనీ, కాలవ చివరి ఊళ్లవాళ్లు తూముల దగ్గర బిందెలు పట్టి పరమాన్నం వండుకునేవాళ్లనీ, ఆ గేదె వట్టిపోయిన ఏడు వాళ్లంతా వచ్చి ఇరిగేషన్ ఆఫీసు ముందు ధర్నా చేశారనీ చెప్పాను. ఆ అమ్మాయి నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "ఇప్పుడు నిజం చెప్పండి" అంది. చెబుదామనే నోరు తెరిచాను. పలక మీద 'తల్లి పాలు' అని రాసి ఉన్న గడి దగ్గర నా చూపు ఆగిపోయింది. "ఇంకోసారి చెప్తాలేమ్మా" అని లేచి వచ్చేశాను. ఆ వేళ చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో కాలవలో పాలు పారవు. అలవాటు కొద్దీ అక్కడక్కడా చెయ్యి జారితే మన్నించండి.

దున్న పాలివ్వదు. మా వృత్తిలో మొదటి చిక్కు అదే. గేదెని ఎంచాలంటే పొద్దున్నే వెళ్లి చెంబు పట్టుకుని పక్కన కూర్చుంటే చాలు. దున్నని ఎంతసేపు చూసినా లాభం లేదు. కొమ్ము మెలి తిరిగిన తీరూ, నడుం పొడవూ, గిట్టల బలమూ చూసి మురిసిపోవచ్చు గాని, దానికి పుట్టబోయే ఆడదూడలు బిందె నింపుతాయో బిందెని తంతాయో మొహాన రాసి ఉండదు. ఆ పడ్డలు పుట్టి, పెరిగి, ఈని, పాలిచ్చేదాకా ఆగితే తెలుస్తుంది నిజమే, కాని అప్పటికి దున్నకి ముసలితనం వచ్చేస్తుంది. అందుకని అది చిన్నగా ఉండగానే దాని చుట్టాలని అడుగుతారు. అమ్మ ఎంతిచ్చింది, అక్కలు ఎంతిస్తున్నారు, నాన్న వైపు ఆడపిల్లలు ఎలా ఉన్నారు అని. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు పెళ్లికొడుకుని వదిలేసి వీధి చివర కిళ్లీకొట్టు దగ్గర వాకబు చేసినట్టన్నమాట. ఆ వాకబు చేసే ఉద్యోగం నాది. తెనాలి నుంచి రేపల్లె దాకా మోపెడ్ మీద తిరుగుతూ, పేర్లు రాయించుకున్న ప్రతి గేదె దగ్గరకీ నెలకోసారి పొద్దునా సాయంత్రం వెళ్లి, పితికిన పాల బకెట్టుని కాటాకి తగిలించి, వచ్చిన అంకె పుస్తకంలో ఎక్కించాలి. కొందరు ఘనంగా చూపించుకోవాలని కొలతకి ముందు పూట పాలు పొదుగులోనే ఆపేసేవాళ్లు. అలా ఎక్కువ చూపించేవాళ్లని పట్టుకోవడానికి మాకు సవాలక్ష ఉపాయాలు నేర్పారు. తక్కువ చూపించేవాళ్లు కూడా భూమ్మీద ఉంటారని మాత్రం ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు.

మా మేనత్త, అంటే మా నాన్నకి పెద్దక్క, వేమూరు పక్కన ఒక పల్లెలో ఉండేది. ఊరి పేరు రాయను. రాస్తే ఆ ఊరివాళ్లు పనిగట్టుకుని వచ్చి, ఇందులో సగం నా సొంతమని తేల్చేస్తారు. మామయ్య తొందరగా పోయాడు. నాట్లకీ కోతలకీ వెళ్తూ ఒక్కగానొక్క కూతుర్ని పెంచి కొలకలూరు ఇచ్చింది. ఆ తర్వాత అత్తకి ఉన్న లోకమల్లా తన ఇల్లు, ఇంటి వెనక పాకలో రెండు గేదెలు, ఆదివారం పూట మా లూథరన్ గుడి. దగ్గరికి వెళ్తే తవుడూ కొబ్బరినూనే కలిసిన వాసన వచ్చేది. ఇప్పటికీ ఏ మిల్లు ముందు నుంచి వెళ్తున్నా నా మోపెడ్ దానంతటదే కాస్త నెమ్మదిస్తుంది. గుడిలో ఎవరికెవరు పుట్టారో పాతకాలపు వంశావళులు చదివే రోజున మగాళ్లు కునుకు తీసేవాళ్లు, ఆడాళ్లు పిల్లల్ని గిల్లి లేపేవాళ్లు, మా అత్త ఒక్కతే ముందుకు వంగి వినేది. గేదెల సంగతిలో ఆమెకీ అలాంటి వంశావళి ఒకటి నోటికొచ్చు. "దీని అమ్మమ్మ మా ఆడపడుచు ఇచ్చిందిరా. దానికి వెనక కుడి చన్ను సన్నం, అయినా చుక్క దాచుకునేది కాదు. పెద్దకూతురు తన్నేది, అమ్మేశా. చిన్నకూతురు తన్నేది కాదు, దాని కూతురే ఇది" అని ఒక్క గుక్కలో చెప్పేసేది. మా ఆఫీసులో పది ఫైళ్లు తిరగేసినా తేలని సంగతి అత్త ముంత కడుగుతూ తేల్చేది.

ఆ 'ఇది' పేరు బంగారి. నల్లటి నలుపు, తోక కుచ్చు మాత్రం తెలుపు. పెయ్యగా ఉన్నప్పుడు గాలికుంటు జబ్బు వచ్చి చావుదాకా వెళ్లి బతికిందని, దాని పాలలో పదోవంతు మా గుడి అయ్యగారింటికి ఇస్తానని అత్త మొక్కుకుంది. మా వాళ్లలో చాలామంది పంటలో ఇస్తారు, జీతంలో ఇస్తారు, అత్త పాలలో ఇచ్చేది. నేను కొలతకి వెళ్లిన రోజున నన్ను బీరపందిరి కింద మంచం మీద కూర్చోబెట్టి, ఎండ కళ్లలో పడుతుందని గేదెకి వీపు తిప్పించి, చేతిలో కాఫీ గ్లాసు పెట్టేది. నేను ఊళ్లలో పోగేసుకొచ్చిన కోతలన్నీ వరసగా కోసేవాణ్ణి. వెనక నుంచి బకెట్లో పాలధార చప్పుడూ, మధ్యమధ్య అత్త నవ్వూ వినిపించేవి. "నవ్వించకురా సచ్చినోడా, గేదె పాలు చేపదు" అనేది. తర్వాత బకెట్టు తెచ్చి ఇచ్చేది. నేను కాటాకి తగిలించి రాసుకునేవాణ్ణి. రెండు పూటలా కలిపి ఆరు లీటర్లు, ఒక్కోసారి ఇంకాస్త తక్కువ. మంచి వంశంలో అప్పుడప్పుడూ ఇలా తప్పిపోతుంది కాబోలు అనుకున్నాను. ఆ ఉద్యోగంలో నేను గడిపిన అతి సుఖమైన పొద్దులు అవి. అంత సుఖంగా కూర్చోవలసిన చోటు కాదని తర్వాత తెలిసింది.

బంగారి ఆఖరి ఈతలో దున్నదూడ పుట్టింది. ఆడదూడ పుడితే పరమాన్నం వండుకునే ఇళ్లలో మగదూడ పుడితే ఎవరూ ఏమీ మాట్లాడరు. దానికి తాగడానికి పాలు మిగల్చరు. అది బక్కచిక్కుతుంది, ఒకరోజు పాకలో కనపడదు. అత్త అలా చెయ్యలేదు. బంగారి నాలుగు నెలలు పాలిచ్చి, ఒక వానాకాలం జ్వరంలో మూడు రోజుల్లో పోయింది. ఆ మూడు రోజులూ అత్త పాకలోనే కూర్చుంది. తర్వాత దూడకి రెండో గేదె పాలు ముంతతో పట్టి బతికించింది. దానికి పేరు పెట్టలేదు, 'అబ్బాయి' అని పిలిచేది. నన్నేమో 'ఒరే' అనేది. నాకది కొంచెం కష్టంగానే ఉండేది గాని, అబ్బాయి పెరుగుతున్న తీరు చూస్తే ఎవరికి ఏ పిలుపు తగునో నాకే అర్థమయ్యేది. ఏడాది తిరిగేసరికి పొడుగాటి నడుం, దిమ్మెల్లాంటి కాళ్లు, అమ్మ తోకలోని తెలుపు.

బేరగాడు వారానికోసారి ట్రాలీ ఆటో వేసుకుని వచ్చేవాడు. అబ్బాయి వీపు మీద బొటనవేలితో నొక్కి చూసి, మాంసం బరువు మనసులో తూచుకునేవాడు. "ఎన్నాళ్లు మేపుతావే పెద్దమ్మా? పాలిస్తాడా? ట్రాక్టర్లొచ్చాక పొలమైనా దున్నుతాడా? నీకా మోకాళ్లు సహకరించవు. ఈ పోతు రేపు తాడు లాగితే నువ్వే కాలవలో పడతావు" అనేవాడు. అత్త వాడి చెయ్యి తీసి పక్కన పడేసి, "నీ వేలు కడుక్కున్నావా ముందు?" అనేది. వాడు వెళ్లాక మాత్రం చాలాసేపు గట్టు మీద కూర్చునేది. వాడన్నది అబద్ధం కాదు. రెండో ఏడు వస్తే ఆ దున్నని పట్టడం ఆమె వల్ల కాదు. ఊళ్లో ఎవరూ ఉంచుకోరు. బాపట్ల అవతల, ఊరూరి గేదెల్ని చూలు కట్టించడానికి మంచి దున్నల్ని పెంచే కేంద్రంవాళ్లు ఏరుకుంటే బతుకుతాడు, లేకపోతే ఆటో ఎక్కుతాడు. మధ్యలో ఇంకో దారి లేదు.

కేంద్రం డాక్టరు గారు మా వైపు దున్నపిల్లల్ని ఏరడానికి వచ్చినప్పుడు నేనే దగ్గరుండి తీసుకెళ్లాను. అత్త అబ్బాయిని కాలవలో రుద్ది రుద్ది కడిగి, కొమ్ములకి కొబ్బరినూనె రాసి నిలబెట్టింది. ఆయన చుట్టూ తిరిగాడు, కాళ్లు చూశాడు, ఎత్తు కొలిచాడు, మొహం విప్పారింది. "చాలా బాగున్నాడమ్మా. తల్లి పాలెంత?" అంటూ నా చేతిలో పుస్తకం తీసుకున్నాడు. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. విప్పారిన మొహం అలాగే ముడుచుకుంది.

"ఆరు లీటర్లేనా?"

"అంతేనండి" అన్నాను.

"అయితే కుదరదయ్యా. అందానికి దున్నలు దొరుకుతాయి. ఆరు లీటర్ల తల్లి కొడుకుని తీసుకెళ్లి వెయ్యి గేదెలకి కట్టమంటావా?" అని, అత్త వైపు తిరిగి, "తప్పుగా అనుకోకండమ్మా. మాకు పుస్తకమే ఆధారం" అన్నాడు. అత్త పలుపు చేతికి రెండు చుట్లు చుట్టుకుని అబ్బాయిని పాకలోకి తోలుకెళ్లిపోయింది.

వారం తర్వాత ఏదో పని మీద అయ్యగారింటికి వెళ్తే, అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, టీ ఇస్తూ, "మీ అత్త గేదె పోయాక టీలో రుచి పోయింది నాయనా. బంగారి ఉన్నప్పుడు రోజూ ఈ చెంబు నిండా పంపేది, వద్దన్నా వినేది కాదు" అంది. నేను అలవాటు కొద్దీ ఆ చెంబుని చేత్తో తూచి చూశాను. లీటరు పైన పడుతుంది. పదోవంతు లీటరు పైన అయితే, మొత్తం పది లీటర్ల పైన. దేవుడికి ఇచ్చే దాంట్లో మా అత్త చుక్క అటూ ఇటూ చేసే మనిషి కాదు. అంటే తప్పిందల్లా నా పుస్తకమే.

పరిగెత్తుకుంటూ వెళ్లాను. అత్త పాకలో కుడితిలో చిట్టు కలుపుతోంది.

"అత్తా, బంగారి ఎన్ని పాలిచ్చేది? నిజం చెప్పు."

చెయ్యి ఆపలేదు. "పదకొండు. ఒక్కోనాడు పన్నెండు."

"మరి నా పుస్తకంలో ఆరెందుకు పడింది?"

"నువ్వొచ్చిన రోజున రెండు చన్నులు దూడకి వదిలేసేదాన్ని."

"ఎందుకే? దిష్టి తగులుతుందనా? మనం దిష్టి నమ్మం కదా!"

"దిష్టిని నమ్మనురా. నీ నోటిని నమ్ముతాను" అంది అత్త, అప్పుడు తలెత్తి. "పది ఊళ్లు తిరిగేవాడివి. నేను పదకొండంటే నువ్వు వేమూరు దాటేసరికి ఇరవై అవుతాయి, రేపల్లె చేరేసరికి నలభై అవుతాయి. జనం చూడ్డానికి రారూ? చూసినోళ్ల కళ్లన్నీ మంచివేనా? అందుకని తగ్గించాను. నువ్వెలాగూ పెంచుతావు కదా, అక్కడికి అక్కడికి సరిపోతుందనుకున్నా."

నేను పెంచేది నోటితోనే, పుస్తకంలో కాదని చెబుదామనుకున్నాను. చెప్పి ప్రయోజనం లేదు. పందిరి కింద కాఫీ తాగుతూ, గేదెకి వీపు తిప్పి, అబద్ధాలు చెప్తూ కూర్చున్నవాణ్ణి నేను. ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుంటే రెండు చన్నుల దగ్గర దూడ కనపడేది. అత్త కుడితి చేతులు అలాగే పట్టుకుని, "నా చేతులారా వాడి నోట్లో పోసిందేరా, వాడి మెడకి తాడైంది" అంది.

మర్నాడే బాపట్ల బస్సెక్కి డాక్టరు గారి ముందు నిలబడ్డాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెంబు సంగతి, పదోవంతు సంగతి, రెండు చన్నుల సంగతి, నా వీపు సంగతి. అంత నిజం ఒక్కసారిగా చెప్పడం అలవాటు లేక మధ్యలో తప్పి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆయన అంతా విని చిరునవ్వు నవ్వాడు.

"నీ కాలవ పరమాన్నం కథ నాకు మా అటెండరు చెప్పాడయ్యా. ఇది దాని కంటే బాగుంది."

"సార్, ఒట్టు సార్. అమ్మగారిని అడగండి, చెంబు చూపిస్తారు."

"గుడికిచ్చిన చెంబుని పుస్తకంలో ఎక్కించమంటావా? తల్లి లేదు, మళ్లీ కొలవలేం. నీ మాట..." అని ఆగిపోయాడు. ఆ ఆగిన చోట ఏముందో నాకు తెలుసు. మళ్లీ ఆయనే, "ఆ గేదెకి వేరే ఆడపిల్లలున్నారా, పాలల్లో?" అని అడిగాడు.

ఉన్నారు. పెద్దది కొలకలూరులో అత్త కూతురి దగ్గర. రెండోది రేపల్లెలో మా చిన్నత్త దగ్గర. రెండూ పాలిస్తున్నాయి. అబ్బాయి తండ్రి తరఫు కూతుళ్ల లెక్కలు కేంద్రంలోనే ఉన్నాయి, అవి బాగానే ఉన్నాయి. ఈ అక్కలిద్దరూ నిలబడితే తల్లి అంకె తప్పని నమ్మొచ్చన్నాడు. కాని మూడు నెలలు వరసగా కొలవాలి, కొలిచేది నేను కాదు, కొలిచే చోట నేను ఉండకూడదు. బాపట్ల నుంచి ఒక ఆవిడని పంపిస్తానన్నాడు. ఆవిడ మూడు నెలల్లో మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఒక పోస్టుకార్డుకి సరిపోవు. కాఫీ ఇస్తే చెయ్యి అడ్డం పెట్టేదట, గేదె పక్కనే పీట వేసుకుని రెప్ప వెయ్యకుండా కూర్చునేదట. ఆవిడ ముందు నా బతుకంతా ఒక కాకిగోల అనిపించింది.

అసలు కష్టం గేదెలతో కాదు. కొలకలూరు వదినా తల్లి దగ్గర నేర్చుకున్నదే కదా, తనూ కొలత రోజున చెయ్యి వెనక్కి లాగే మనిషే. తల్లి మాటకి ఒప్పుకుంది. రేపల్లె చిన్నత్త మాత్రం మొండి. దాంతో మా అత్త, మోకాళ్ల నొప్పులతో బజారుకి కూడా వెళ్లని మనిషి, వేమూరులో రేపల్లె పాసింజరు ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా జనుము చేలని చూస్తూ, "అబ్బాయి తింటాడు గదరా ఇది" అంటూ ఉంది. చిన్నత్త ఇంట్లో అరుగు మీద అక్కాచెల్లెళ్ల మధ్య జరిగింది నాకిప్పటికీ వినపడుతుంది.

"నా గేదెకి ఏమన్నా అయితే నువ్విస్తావా అక్కా?"

"నాకున్న రెండోదాన్ని తోలుకుపో."

"అది తన్నుతుంది."

"నువ్వూ తన్నేదానివే. అమ్మ నిన్ను అమ్మేసిందా?"

చిన్నత్త నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అత్త నవ్వలేదు. చెల్లెలి చెయ్యి పట్టుకుని, "జీవితంలో ఎవరికీ లెక్క చెప్పలేదే. చెప్పకపోవడమే పుణ్యమనుకున్నాను. ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు పితికి చూపించు. వాడు నిలబడతాడు" అంది. ఆ పూట పాలు పితికేటప్పుడు నన్ను వీధిలోకి తరిమేశారు. గోడవతల నిలబడి ధార చప్పుడు విన్నాను. ఆగదేమో అనిపించింది. ఇది అతిశయోక్తి కాదు, నాకలా అనిపించిన మాట నిజం.

మూడు నెలల కొలతలూ పూర్తయ్యాయి. అక్కలిద్దరూ పది లీటర్ల పైనే నిలబడ్డారు. డాక్టరు గారు కాగితాలు ముందేసుకుని చాలాసేపు చూసి, నా పుస్తకంలో ఆరు అని ఉన్న చోట చిన్న గీత పెట్టి, "తల్లి అంకె నమ్మదగినది కాదు" అని రాశాడు. నా ఉద్యోగంలో నేను పొందిన యోగ్యతా పత్రం అదొక్కటే. బేరగాడు మళ్లీ వస్తే అత్త వాడికి మజ్జిగ ఇచ్చి పంపిందట.

కేంద్రం వ్యాను వచ్చిన పొద్దున అబ్బాయి ఎక్కనని మొరాయించాడు. నలుగురు తోసినా కదల్లేదు. అత్త ముందుగా తను బల్ల ఎక్కి వ్యానులో నిలబడి పిలిచింది. వెంటనే ఎక్కేశాడు. తర్వాత ఆమెని దించడానికి మళ్లీ నలుగురు కావలసి వచ్చారు. కిందికి దిగి, కొంగుతో అరచేతులు తుడుచుకుంటూ అడిగింది, "ఒరే, వీడి కూతుళ్లు పాలిచ్చేది ఎప్పటికి?" లెక్కగట్టాను. వీడు ఎదగాలి, కట్టాలి, గేదెలు ఈనాలి, ఆ పడ్డలు పెరగాలి, అవి మళ్లీ ఈనాలి. "ఏడేళ్లు పడుతుందత్తా" అన్నాను. తగ్గించి ఐదని చెప్పి ఉండొచ్చు. కాని అప్పటికే కొన్ని నెలలుగా నిజానికి అలవాటు పడి ఉన్నాను. అత్త ఏదో లెక్కపెట్టుకున్నట్టు పెదాలు కదిపి, "సరే, వాటి పాలు నువ్వే కొలవాలి. ఈసారి గేదె వైపు తిరిగి కూర్చో" అంది.

ఆ తర్వాత ఒకసారి బాపట్ల తీసుకెళ్లమంది. జబ్బులు అంటుకుంటాయని కేంద్రంలోకి బయటివాళ్లని రానివ్వరు, గేటు దగ్గరే ఆపేశారు. అత్త సంచిలో తెచ్చిన తవుడు ఉండలు కూడా లోపలికి పోవన్నారు. గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉంటే, దూరంగా రేకుల షెడ్ల వైపు నుంచి ఒక దున్న రంకె వేసింది. "వాడే! వాడే కదరా?" అంది. లోపల నలభై దున్నల దాకా ఉన్నాయి. "వాడేనత్తా. నీ వాసన పట్టేశాడు" అన్నాను. నేను చెప్పిన అబద్ధాల్లో ఒక్కదాన్నే ఉంచుకోమంటే, అదే ఉంచుకుంటాను. తిరుగు రైల్లో ఆమె తవుడు ఉండలు ఒళ్లో పెట్టుకుని తెనాలి దాకా హాయిగా నిద్రపోయింది.

ఆరో ఏడు చలికాలంలో అత్త పోయింది. తర్వాతి వానాకాలం, రేపల్లె అవతల ఒక టీచరుగారి ఇంట్లో అబ్బాయి కూతురు తొలిచూలు ఈనిందని కబురొస్తే కొలతకి వెళ్లాను. కాఫీ వద్దన్నాను. పీట గేదె పక్కకి లాక్కుని, నోరు మూసుకుని, ఆ నాలుగు చన్నులనే చూస్తూ కూర్చున్నాను. తోక కుచ్చు తెలుపు. కాటా ముల్లు ఊగి ఊగి నిలబడింది. "ఎంతండి?" అని అడిగింది టీచరుగారు. "ఐదున్నరమ్మా, పొద్దుటి పూటకే" అన్నాను. చుక్క కలపాలనిపించలేదు. రాసుకుని, బకెట్టు కడిగి ఇచ్చేసి, మోపెడ్ ఎక్కాను. వేమూరు వచ్చాక తెలివొచ్చింది, అత్త ఊరి వైపు తిరిగేశానని. కాలవ గట్టు మీద బండి ఆపి, పుస్తకం తెరిచి ఆ అంకెని ఇంకోసారి చూసుకున్నాను. ఆ పాలు ఎప్పుడొస్తాయా అని, ఆ ఏడేళ్లూ తొందరగా గడిచిపోతే బాగుండునని రోజూ కోరుకున్నవాణ్ణి నేను. గడిచిపోయేవి అత్త ఏళ్లు కూడానని నాకు తోచనే లేదు.